కూరగాయల మీద ఏమ్స్ టెస్ట్ కిట్: ఎవరు కొనాలి, ఎవరు కొనక్కర్లేదు

మైక్రోబయాలజీ చెప్పే లెక్చరర్లు, పీజీ ప్రాజెక్టుకి టాపిక్ వెతుక్కుంటున్న పిల్లలు, "మన కూరగాయల్లో క్యాన్సర్ తెచ్చేవి ఏమైనా ఉన్నాయేమో మనమే టెస్ట్ చేసుకోవచ్చా" అని ఈమధ్య అడుగుతున్న మిద్దెతోట మిత్రులు, ఈ ముగ్గురి కోసం రాస్తున్నాను. ఏమ్స్ టెస్ట్ అంటే ఒక పదార్థం డీఎన్‌ఏలో మార్పులు తెస్తుందా అని బ్యాక్టీరియాతో చూసే పరీక్ష. ముందే తేల్చి చెప్తాను. పాఠం చెప్పడానికి ఈ కిట్ చాలా మంచిది. ఫలానా కూరగాయ తినొచ్చా లేదా అని తెలుసుకోవడానికి మాత్రం కొనకండి, ఆ పనికి ఇది రాదు. పెట్టె మీద టమాటా, క్యారెట్ బొమ్మలేసి ఆహార భద్రత అని అచ్చువేశారు కాబట్టి ఈ రెండో మాట గట్టిగా చెప్పాల్సి వస్తోంది.

ఈ రకం కిట్లు ఒకటికి మించి కంపెనీలవి దొరుకుతాయి. పని చేసే తీరు దాదాపు ఒకటే. అందుకని పేరు పెట్టకుండా సరుకు గురించే రాస్తాను.

పెట్టెలో వచ్చేవి ఇవీ: పొడి రూపంలో సీల్ చేసిన సాల్మొనెల్లా టైఫిమ్యూరియం బ్యాక్టీరియా (మేం తెప్పించినదాంట్లో టీఏ98, టీఏ100 అనే రెండు స్ట్రెయిన్లు), 96 వెల్స్ (చిన్న గుంటలు) ఉండే ప్లేట్లు, గ్లూకోజు, లవణాలు, కొంచెం బయోటిన్, చాలా కొంచెం హిస్టిడిన్, బ్రోమోక్రిసాల్ పర్పుల్ అనే ఊదా రంగు, పాజిటివ్ కంట్రోల్‌గా (తప్పకుండా పాజిటివ్ రావాల్సిన పోలికగా) వాడే రసాయనాలు, ఒక కరపత్రం. ఎస్9 అనే ఎలుక కాలేయపు ఎంజైముల మిశ్రమం విడిగా కొనాలి. అది లేకపోతే సగం టెస్టే చేసినట్టు, ఎందుకంటే చాలా పదార్థాలు మన కాలేయంలో మార్పు చెందిన తర్వాతే డీఎన్‌ఏ జోలికి వస్తాయి. కొటేషన్‌లో దీన్ని "ఆప్షనల్" అని చూపించడం నాకు నచ్చలేదు. డ్రై ఐస్, కొరియర్, జీఎస్‌టీ అన్నీ కలిసేసరికి మొదట చెప్పిన రేటుకీ చివరికి కట్టే డబ్బుకీ పొంతన ఉండదు, కాబట్టి బిల్లు మొత్తం ఎంతవుతుందో ముందే రాయించుకోండి.

టెస్ట్ వెనకున్న ఆలోచన మాత్రం ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ యూనివర్సిటీలో బ్రూస్ ఏమ్స్ 1970ల మొదట్లో దీన్ని తయారుచేశాడు. ఈ బ్యాక్టీరియాకి హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లాన్ని సొంతంగా తయారుచేసుకునే జీన్ చెడిపోయి ఉంటుంది. బయటి నుంచి హిస్టిడిన్ ఇవ్వకపోతే పెరగలేదు. ఇప్పుడు మనం కలిపిన పదార్థం డీఎన్‌ఏలో మార్పులు తెచ్చేదైతే, కొన్ని కణాల్లో ఆ చెడిన జీన్ కాకతాళీయంగా మళ్ళీ బాగుపడుతుంది, అవి పెరుగుతాయి, పెరుగుతూ ఆమ్లం వదులుతాయి, ఊదా రంగు వెల్ పసుపుగా మారుతుంది. ఏ పదార్థమూ కలపకపోయినా కొన్ని వెల్స్ వాటంతటవే పసుపు అవుతాయి. ఆ సహజమైన లెక్క కంటే మన సాంపిల్ ప్లేట్‌లో పసుపు వెల్స్ గణనీయంగా ఎక్కువున్నాయా అన్నదే ప్రశ్న. టీఏ100 డీఎన్‌ఏలో ఒక అక్షరం బదులు ఇంకో అక్షరం పడే మార్పుల్ని పట్టిస్తుంది, టీఏ98 అక్షరం ఊడిపోవడం, కొత్తది చొరబడడం వల్ల వరస మొత్తం తప్పే మార్పుల్ని పట్టిస్తుంది. బయటి గోడ పల్చబడేలా, డీఎన్‌ఏ రిపేరు ఏర్పాటు దెబ్బతినేలా కూడా వీటిని మార్చారు, అందుకే ఇవి ఇంత సున్నితం. 1975లో జుట్టు రంగుల్ని, 1977లో పిల్లల పైజామాలకి మంటలు అంటకుండా పూసే ట్రిస్ అనే రసాయనాన్ని అనుమానితుల జాబితాలోకి తెచ్చింది ఈ బ్యాక్టీరియానే.

పాత పద్ధతిలో అగార్ ప్లేట్ల మీద పోసి, 37 డిగ్రీల దగ్గర 48 గంటలు ఉంచి కాలనీలు లెక్కపెట్టేవాళ్ళం. ఈ కిట్‌లో ద్రవంలోనే పని, ఐదు రోజులు ఆగాలి. కానీ చదవడం తేలిక. పసుపా, ఊదానా, అంతే. మొదటిసారి చూసే విద్యార్థికి కూడా అర్థమైపోతుంది. సోడియం అజైడ్ కలిపిన పాజిటివ్ కంట్రోల్ ప్లేట్ మొత్తం పసుపుగా మెరిసిపోతుంటే, దాని పక్కనే ఏ పదార్థమూ కలపని బ్యాక్‌గ్రౌండ్ ప్లేట్ అక్కడక్కడ మాత్రమే పసుపుగా ఉంటే, మ్యుటేషన్ (డీఎన్‌ఏలో మార్పు) గురించి నేను బోర్డు మీద గంట సేపు చెప్పినదానికన్నా ఆ రెండు ప్లేట్లు ఎక్కువ చెప్తాయి. ఈ ఒక్క కారణానికే నేను మళ్ళీ ఈ కిట్ తెప్పించమని మా డిపార్ట్‌మెంట్‌కి చెప్పాను.

ఇక కూరగాయల దగ్గరికి వద్దాం. అసలు చిక్కులన్నీ ఇక్కడే.

ఈ టెస్ట్ పుట్టింది శుద్ధమైన రసాయనాల కోసం. కూరగాయ రసం అంటే వందల పదార్థాల కలగలుపు. అందులో మొట్టమొదట అడ్డొచ్చేది హిస్టిడినే. బఠానీ, చిక్కుడు గింజలు, మునగాకు, మొలకెత్తిన పెసలు లాంటి మాంసకృత్తులున్న వాటి రసం తీస్తే దానితో పాటు హిస్టిడిన్ కూడా వెల్‌లోకి దిగుతుంది. అప్పుడు ఏ మ్యుటేషనూ జరగకుండానే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది, ప్లేటంతా పసుపు అయిపోతుంది. తెలియనివాళ్ళు చూస్తే పెసలు సోడియం అజైడ్ అంత ప్రమాదం అనుకుంటారు! కరపత్రంలో ఈ సంగతి చివరి పేజీలో ఒకే ఒక్క వాక్యంగా ఉంది. కూరగాయల బొమ్మలు పెట్టె మీద వేసినవాళ్ళు దీన్ని మొదటి పేజీలో, పెద్ద అక్షరాల్లో రాయాలి. దీనికి మందు ఉంది. నీళ్ళ రసం నేరుగా పోయకుండా ఎక్స్‌ఏడీ-2 అనే రెజిన్ కాలమ్ గుండా పంపితే నీటిలో తేలిగ్గా కరిగే హిస్టిడిన్ దాదాపుగా కిందికి పోతుంది, మనకి కావలసిన సేంద్రియ పదార్థాలు రెజిన్‌కి అంటుకుంటాయి, తర్వాత వాటిని మిథనాల్‌తోనో అసిటోన్‌తోనో దింపుకోవచ్చు. పొగతాగేవాళ్ళ మూత్రంలో మ్యుటజెన్లు (డీఎన్‌ఏలో మార్పులు తెచ్చే పదార్థాలు) ఉన్నాయని 1977లో ఏమ్స్ బృందం చూపించింది కూడా ఈ రెజిన్ సాయంతోనే. రెజిన్ కిట్‌లో రాదు, విడిగా తెచ్చుకోవాలి. అది లేకుండా ఆకుకూరలు, పప్పుజాతి జోలికి వెళ్ళకండి.

రెండోది పులుపు. మన గోంగూర, చుక్కకూర, టమాటా, చింతచిగురు ఉన్నాయే, వీటి రసం పోస్తే ఆమ్లానికే ఊదా రంగు పసుపులోకి తిరిగిపోతుంది. మీడియంలోని లవణాలు కొంతవరకే ఆపగలవు, గోంగూర పులుపుని ఆపడం వాటి వల్ల కాదు. సాంపిల్ పీహెచ్ ముందే 7 దగ్గరికి సరిచేసుకోవాలి, బ్యాక్టీరియా లేకుండా రసం మాత్రమే పోసిన వెల్స్ కొన్ని పక్కన పెట్టుకుని చూడాలి. బీట్‌రూట్ ఇంకో రకం ఇబ్బంది, దాని రంగు వల్ల వెల్ ఏ రంగులోకి మారిందో కంటితో చెప్పలేం. విదేశీ కరపత్రం కాబట్టి గోంగూర ఊసు ఉండదు సరే, కనీసం పుల్లటి పదార్థాల గురించైనా ఒక మాట రాసి ఉండాల్సింది.

మూడోది అన్నిటికన్నా ఎక్కువ తప్పుదారి పట్టించేది. వెల్లుల్లి, క్యాబేజీ, ఆవాలు, ముల్లంగి. వీటిని దంచినప్పుడు ఘాటుగా వచ్చే అల్లిసిన్, ఐసోథయోసయనేట్లు బ్యాక్టీరియాని చంపేస్తాయి. చచ్చిన బ్యాక్టీరియా పెరగదు, వెల్ ఊదాగానే ఉండిపోతుంది. అది చూసి "వెల్లుల్లి పూర్తిగా సేఫ్, బ్యాక్‌గ్రౌండ్ కంటే కూడా తక్కువ వచ్చింది" అని రాసిన ప్రాజెక్టు రిపోర్టులు నేను వైవాకి వెళ్ళిన చోట చూశాను. ఆ ప్లేట్ సేఫ్ అని చెప్పడం లేదు, అసలు టెస్టే జరగలేదని చెప్తోంది. ప్రతి సాంపిల్‌నీ పల్చన చేస్తూ నాలుగైదు మోతాదుల్లో పెట్టి, ఏ మోతాదులో బ్యాక్టీరియా బతికుందో విడిగా చూసుకోవాలి. దానికి సరిపడా ప్లేట్లు కిట్‌లో ఇవ్వరు. ఒక కిట్‌తో పది కూరగాయలు చూద్దామనుకునేవాళ్ళు రెండు మూడింటితో సరిపెట్టుకుంటేనే పని సవ్యంగా అవుతుంది.

ఇంకొకటి, కూరగాయ మీద దాని సొంత సూక్ష్మజీవులు కోట్లలో ఉంటాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్ గుండా పంపకపోతే అవే పెరిగి అన్నీ పసుపు చేస్తాయి. ఈ విషయం కరపత్రం బాగానే చెప్పింది, ఫిల్టర్లు కూడా ఇచ్చారు, నాణ్యత బాగుంది. పాలకూర రసానికి మాత్రం ముందు సెంట్రిఫ్యూజ్ చేయకపోతే ఫిల్టర్ వెంటనే పూడుకుపోతుంది.

ఇవన్నీ సరిచూసుకుని చేస్తే నిజంగా ఏదైనా కనిపిస్తుందా అంటే, కనిపిస్తుంది. ఎర్ర ఉల్లిపాయ పైపొట్టు తీసుకోండి, మిథనాల్‌లో నానబెట్టి, ఆరబెట్టి, డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి టీఏ98కి పెట్టండి. పసుపు వెల్స్ స్పష్టంగా పెరుగుతాయి, మోతాదు పెంచేకొద్దీ ఇంకా పెరుగుతాయి, ఎస్9 కలిపితే మరింత బలంగా వస్తుంది. కారణం ఉల్లిలో సహజంగా ఉండే క్వెర్సెటిన్ అనే పదార్థం. ఇది ఏమ్స్ టెస్ట్‌లో పాజిటివ్ వస్తుందని 1977లోనే ప్రచురించారు. ఉల్లి కండలో ఇది ఎక్కువగా చక్కెరకి అతుక్కుని ఉంటుంది, ఆ రూపంలో బ్యాక్టీరియా మీద పెద్దగా పని చేయదు. ఎండిన పైపొట్టులో విడి క్వెర్సెటిన్ ఎక్కువ, అందుకే పొట్టు బాగా పలుకుతుంది. తెల్ల ఉల్లిలో క్వెర్సెటిన్ చాలా తక్కువ కాబట్టి ఎరుపు, తెలుపు రెండూ పక్కపక్కన పెడితే పిల్లలకి చక్కటి పోలిక దొరుకుతుంది. కిట్‌తో చేయదగ్గ కూరగాయల ప్రయోగాల్లో నా మొదటి ఓటు దీనికే.

సరే, ఉల్లిపాయ పాజిటివ్ వచ్చింది. ఇప్పుడు దీన్ని ఎలా చదవాలి? ఇక్కడే నాకు నిజంగా బాధ. ఇలాంటి ప్రాజెక్టు ఫోటో ఒకటి బయటికొచ్చి "ఉల్లిలో క్యాన్సర్ కారకం, కాలేజీ ల్యాబ్‌లో రుజువు" అని వాట్సాప్‌లో తిరిగితే దాన్ని వెనక్కి తేవడం ఎవరి వల్లా కాదు. ఇదే క్వెర్సెటిన్‌ని మందుల షాపుల్లో ఆరోగ్యానికి మంచిదని మాత్రలుగా అమ్ముతున్నారు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1999లో దీన్ని గ్రూప్ 3లో పెట్టింది, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని వర్గీకరించడానికి ఆధారాలు చాలవు అని. బ్యాక్టీరియా వెల్‌లో క్వెర్సెటిన్ నేరుగా డీఎన్‌ఏ దాకా వెళ్తుంది, మన ఒంట్లో పేగు, కాలేయం దాన్ని దొరికించుకుని వెంటనే వేరే రూపాల్లోకి మార్చేస్తాయి. రిపేరు చేసుకునే శక్తి తీసేసిన బ్యాక్టీరియాకీ మనకీ అంత తేడా ఉంది.

ఈ టెస్ట్ కనిపెట్టిన ఏమ్స్ కూడా చివరికి ఇదే వాదన మీద నిలబడ్డాడు. 1990లో ఆయన బృందం ఒక లెక్క వేసింది: అమెరికన్లు తిండితో తీసుకునే పురుగుమందుల్లో బరువు ప్రకారం 99.99 శాతం మొక్కలు తమని తాము కాపాడుకోవడానికి తయారుచేసుకున్నవే. మనిషికి రోజుకి 1.5 గ్రాముల దాకా. అప్పటికి అలాంటి సహజ రసాయనాల్లో 52 మాత్రమే జంతువుల మీద భారీ మోతాదుల్లో పరీక్షించి ఉన్నారు, వాటిలో 27 ఎలుకల్లో క్యాన్సర్ తెచ్చాయి. ఒక్క క్యాబేజీలోనే అలాంటి రసాయనాలు, వాటి నుంచి పుట్టేవి కలిపి 49 జాబితా వేశారు. ఇదంతా రాసి ఆయన చెప్పిందేమిటి? కూరగాయలు మానేయమని కాదు, ఇంకా ఎక్కువ తినమని. భారీ మోతాదులో వచ్చిన ఫలితాన్ని చూసి కొద్దిపాటి మోతాదుకి హడలిపోవద్దని. ఆయన 2024లో, 95 ఏళ్ళ వయసులో పోయారు. కిట్ కరపత్రంలో ఆయన పేరు ఉంది, ఈ వాదన మాత్రం ఎక్కడా లేదు. ఆహారం మీద వాడమని అమ్మే కిట్‌కి ఇది పెద్ద లోపమే.

నాణేనికి రెండో వైపు కూడా ఇదే కిట్‌తో చూపించొచ్చు, చాలామంది చూపించరు. జపాన్‌లో 1978లో కాడా అనే శాస్త్రవేత్త బృందం కాలిన ట్రిప్టోఫాన్ నుంచి వచ్చే మ్యుటజెన్‌తో కూరగాయల రసాలు కలిపి చూస్తే మ్యుటేషన్లు తగ్గాయి. క్యాబేజీ రసం ఆ జాబితాలో ఉంది. మన దగ్గర, తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థలో పసుపు మీద ఈ తరహా పని చాలా జరిగింది. 16 మంది పొగతాగేవాళ్ళకి రోజుకి 1.5 గ్రాముల పసుపు 30 రోజులు ఇస్తే వాళ్ళ మూత్రంలో మ్యుటజెన్లు తగ్గాయని 1992లో ప్రచురించారు, కొలిచింది ఈ ఏమ్స్ బ్యాక్టీరియాతోనే. హైదరాబాద్‌లో జరిగిన పని అని చెప్పగానే మా పిల్లల కళ్ళు పెద్దవయ్యాయి. మీరు కిట్ కొంటే సగం ప్లేట్లు "ఏది మ్యుటజెన్" అన్నదానికి కాకుండా "ఏది మ్యుటజెన్‌ని అడ్డుకుంటుంది" అన్నదానికి కేటాయించండి. పాజిటివ్ కంట్రోల్ ఎలాగూ పెట్టెలో ఉంటుంది, దానికి కూరగాయ రసం కలిపి తేడా చూడడమే. బ్యాక్టీరియా చచ్చిపోయి పసుపు తగ్గిందా, నిజంగా అడ్డుకుందా అన్నది ఇక్కడ కూడా విడిగా చూసుకోవాలి.

వంకాయ కాల్చి పచ్చడి చేసుకునే ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లలు కాబట్టి కాల్చిన వంకాయ పెట్టాలని పట్టుబట్టారు. మాకు కనబడింది ఇదీ: నల్లగా మాడిన తొక్కని ద్రావకంలో తీసి, ఎస్9 కలిపిన టీఏ98 ప్లేట్‌లో పెడితే బ్యాక్‌గ్రౌండ్ కంటే పైకి వచ్చింది, తొక్క తీసేసిన గుజ్జులో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక కాలేజీ ల్యాబ్ ఫలితం, అంతకు మించి బరువు పెట్టకండి. మసిలో ఉండే బెంజోపైరీన్ లాంటివి కాలేయపు ఎంజైములు తగిలితేనే పలుకుతాయి కాబట్టి ఎస్9 లేని ప్లేట్‌లో ఇది అసలు కనిపించదు. మాంసం, చేపలు మాడినప్పుడు వచ్చే భయంకరమైన హెటిరోసైక్లిక్ అమైన్లు కూరగాయల్లో అంతగా పుట్టవు, వాటికి కావలసిన క్రియాటిన్ కండరాల్లోనే ఉంటుంది.

టెస్ట్‌కి అందనివి కూడా ఉన్నాయని తెలుసుకోండి. ఆలుగడ్డ చిప్స్‌లో అక్రిలమైడ్ ఉందని 2002లో స్వీడన్ వాళ్ళు చెప్పాక పెద్ద గొడవ జరిగింది కదా, ఐఏఆర్‌సీ దాన్ని గ్రూప్ 2ఏలో (మనుషుల్లో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో) పెట్టింది, ఈ బ్యాక్టీరియా మాత్రం అక్రిలమైడ్‌ని పట్టించుకోదు. అలాగే వేయించిన మునగ గింజల నుంచి మ్యుటజెన్లు తీశామని 1989లో ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్తలు రాసింది వేరే రకం టెస్ట్‌తో, ఎలుకల మీద. అది చూపించి మునక్కాడల పులుసు మీద అనుమానం పెట్టుకునేవాళ్ళకి చెప్పండి, మనం వండేది లేత కాయ, వేయించిన ముదురు గింజలు కాదు.

మిద్దెతోట మిత్రులకి ఒక మాట. మీకు నిజంగా భయపడదగ్గ సహజ పదార్థం కావాలంటే అది కూరగాయల బుట్టలో కన్నా బూజు పట్టిన వేరుశనగల్లో, తేమ తగిలిన ఎండుమిరపలో ఉంది. అది బూజు తయారుచేసే అఫ్లటాక్సిన్ బీ1 అనే విషం, ఐఏఆర్‌సీ గ్రూప్ 1, అంటే మనుషుల్లో క్యాన్సర్ తెస్తుందని తేలినవాటిలో ఒకటి. దానికి ఈ కిట్ అక్కర్లేదు, నేరుగా దాన్నే కొలిచే స్ట్రిప్‌లు, యాంటీబాడీలతో పట్టే ఎలీసా టెస్టులు ఉన్నాయి, పటాన్‌చెరులోని ఇక్రిశాట్ వాళ్ళు తక్కువ ఖర్చులో అయ్యే ఎలీసా మీద ఎంతో పని చేశారు. డబ్బు ఖర్చు పెట్టాలనుకుంటే అక్కడ పెట్టండి.

మార్కులు వేయమంటే, పాఠానికి ఐదుకి నాలుగున్నర, కరపత్రానికి రెండు, కూరగాయల భద్రత తేల్చే సాధనంగా సున్నా. సర్వీస్ మాత్రం నాకు నచ్చింది. ఒక సీసాలో పొడి సరిగ్గా కరగలేదని మెయిల్ పెడితే డీలర్ వాదించకుండా కొత్తది పంపారు, వాళ్ళ టెక్నికల్ అమ్మాయి ఫోన్‌లో ఓపిగ్గా పీహెచ్ సంగతి మాట్లాడింది, గోంగూర అంటే ఏమిటో ఆవిడకి ముందే తెలుసు కూడా.

కొనేవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు చూసుకోవాల్సినవి: సెలవుల ముందు తెప్పించకండి, ఎస్9 కరిగిపోయి వస్తే అది పనికిరాదు, మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్ లేకపోతే ఎండబెట్టిన పొడి రకం ఎస్9 అడగండి. ఐదు రోజులు ఇంక్యుబేటర్ ఆగకూడదు కాబట్టి కరెంటు పోతే నడిచే ఏర్పాటు ఉండాలి. ప్లేట్లని జిప్ కవర్లలో పెట్టకపోతే వేసవిలో అంచు వెల్స్ ఎండిపోతాయి. ఎంత బలహీనం చేసినా అది సాల్మొనెల్లానే, పని అయ్యాక బ్యాక్టీరియా తగిలినవన్నీ ఆటోక్లేవ్ చేయాలి (ఒత్తిడితో కూడిన ఆవిరిలో క్రిముల్ని చంపాలి). సోడియం అజైడ్ విషం, పైగా సింకులో పోస్తే రాగి, సీసం పైపుల్లో పేలే గుణమున్న లవణాలుగా మారుతుంది, కాబట్టి మిగిలినది ఆటోక్లేవ్‌లోకీ సింకులోకీ వెళ్ళకుండా లేబుల్ వేసిన డబ్బాలో విడిగా దాచి, రసాయన వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళకి ఇవ్వండి.